పాత ఫిల్మ్ కెమెరాల మరమ్మతు, సేకరణ

ఫిల్మ్ రీలుతో పనిచేసే పాత కెమెరాలను వెతికి తెచ్చుకోవడం, చెడిపోయినవాటిని విప్పి బాగుచేయడం, మళ్ళీ వాటితో ఫోటోలు తీయడం అనే మూడు పనులు కలిసిన అభిరుచి ఇది. నాణేలు, తపాలా బిళ్ళల సేకరణతో దీన్ని జతకట్టి చెబుతుంటారు గానీ తేడా పెద్దదే. నాణెం పెట్టెలో ఏళ్ళ తరబడి పడి ఉన్నా దానికి వచ్చే నష్టం తక్కువ. కెమెరాను కదపకుండా ఉంచితే లోపలి నూనె జిగురుగా మారుతుంది, గ్రీజు గట్టిపడుతుంది, గాజుకు ఫంగస్ పడుతుంది. వాడకంలో ఉన్న కెమెరాయే ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే మరమ్మతు తెలియని సేకరణ సగం సేకరణే.

ఏ కెమెరాలు

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్, 1900లో ఒక్క డాలరుకు అమ్మిన బ్రౌనీ, ఆస్కార్ బార్నాక్ రూపకల్పనతో 1925లో మార్కెట్టుకు వచ్చిన లైకా, 1929 నాటి రోలీఫ్లెక్స్, 1959 నాటి నికాన్ ఎఫ్ ఈ చరిత్రలో మైలురాళ్ళు. 1976లో కెనాన్ ఏఈ-1 లోపలికి మైక్రోప్రాసెసర్ చేరింది. మరమ్మతు నేర్చుకునేవారికి అంతకుముందరి యంత్రాలే అనువు. వాటిలో పళ్ళచక్రాలు, స్ప్రింగులు, మీటలు కంటికి కనిపిస్తాయి. ఎక్కడ ఆగిందో ఓపికగా చూస్తే తెలిసిపోతుంది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కాలిపోయిన కెమెరా మాత్రం చాలాసార్లు ఇంకో కెమెరాకు విడిభాగాలు ఇవ్వడానికే మిగులుతుంది.

కొనే ముందు చూడాల్సింది రీలు. 1901లో వచ్చిన 120 రీలు, 1934లో కొడాక్ డబ్బీలో పెట్టి అమ్మిన 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ నేటికీ తయారవుతున్నాయి. 620 రీలు 1995తో ఆగిపోయింది. అయితే ఫిల్మ్ వెడల్పు 120దే, తేడా చుట్టే కండెలోనే ఉంది. కాబట్టి చీకట్లో 120 ఫిల్మ్‌ను పాత 620 కండెకు చుట్టుకుని వాడేవారున్నారు.

భారతదేశంలో

మన దేశంలో సేకరణ మొదలుపెట్టేవారి చేతికి తొలుత వచ్చేది సాధారణంగా ఆగ్ఫా క్లిక్ 3. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ దీన్ని తయారుచేసేది. 120 రీలుకు 12 చదరపు ఫోటోలు వచ్చేవి. తెలుగు ఇళ్ళలో పాత ఆల్బమ్‌లు తిరగేస్తే ఇలాంటి చదరపు నలుపు తెలుపు ఫోటోలు కనబడతాయి. వాటిలో స్టూడియోలో తీయించుకున్నవి కాక పెరట్లో, గుడి మెట్ల మీద, పొలం గట్టున తీసినవి చాలావరకు ఇటువంటి సాదా కెమెరాలవే. లోపల ఉన్నది సాదా లెన్సు, ఒక స్ప్రింగుతో కదిలే షట్టర్. చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి శుభ్రం చేస్తే మళ్ళీ పనిచేస్తుంది. దీన్ని పెట్టె కెమెరా అని పక్కన పెట్టేవారితో ఏకీభవించలేం. మధ్యతరగతి కుటుంబం తన ఫోటో తానే తీసుకోవడం ఇటువంటి కెమెరాలతోనే అలవాటైంది.

స్వదేశీ ఫిల్మ్ కోసం 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఏర్పడింది. 1967లో ఉత్పత్తి మొదలై ‘ఇందు’ పేరుతో రీళ్ళు వచ్చాయి. విదేశీ కెమెరాల దిగుమతి కష్టమైన ఆ కాలంలో గల్ఫ్‌కు వెళ్ళినవారు తెచ్చిన యాషికాలు, సోవియట్ జెనిట్‌లు ఇక్కడి పాత సామాన్ల అంగళ్ళలో ఇప్పటికీ దొరుకుతుంటాయి.

మరమ్మతు

లీఫ్ షట్టర్ ఉన్న కెమెరాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు రేకులు అంటుకుపోవడం. లెన్సు గాజుల మధ్య కాగితం కంటే పల్చటి ఉక్కు రేకులు ఉంటాయి. మీట నొక్కగానే అవి విచ్చుకుని, మంచి షట్టర్లలో సెకనులో ఐదువందో వంతులోనే మూసుకుంటాయి. వీటికి నూనె తగలకూడదు, పొడిగానే ఉండాలి. కానీ లెన్సును ముందుకు వెనక్కి జరిపే ఫోకస్ మరలో వేసిన గ్రీజు ఏళ్ళ తరబడి వేసవి వేడికి పలచబడి, అందులోని నూనె విడిపోయి రేకుల మీదికి పాకుతుంది. కంటికి ఆననంత పొర చాలు, రేకులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. నొక్కితే లోపల టిక్కుమంటుంది, రేకు కదలదు. కొత్తవారు స్ప్రింగు తెగిందనుకుంటారు.

దీన్ని బాగుచేసే పద్ధతి తేలికే గానీ తొందర పనికిరాదు. ముందువైపు గాజు బిగింపును రబ్బరు బిరడాతో అదిమి తిప్పి ఊడదీస్తారు. లైటర్లలో పోసే నాఫ్తాను దూదిపుల్లతో రేకులకు అద్ది, షట్టర్‌ను పదేపదే కొడతారు. దూదికి నల్లటి జిడ్డు అంటుతుంది. పుల్ల మార్చి మళ్ళీ అద్దాలి, దూది తెల్లగా తిరిగి వచ్చేదాకా. తడిగా ఉన్నప్పుడు చక్కగా కొట్టుకుని, ఆరాక మళ్ళీ పట్టేస్తే జిడ్డు ఇంకా మిగిలే ఉంది. నాఫ్తా ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. తలుపు బందులకు కొట్టే స్ప్రే నూనెను షట్టర్‌లోకి కొట్టడం మాత్రం కెమెరాకు చేసే పెద్ద ద్రోహం. ఆ రోజుకు కదిలినట్టే ఉంటుంది, తర్వాత ఆ నూనె రేకులన్నిటికీ పాకుతుంది.

ఒక సెకను, అర సెకను వంటి నిదాన వేగాలకు వేరే ఏర్పాటుంది. గడియారంలోలాగే చిన్న పళ్ళచక్రాల వరుస స్ప్రింగు పరుగును పట్టి ఆపుతూ వదులుతుంది. ఆరోగ్యంగా ఉంటే ఒకే తీరున జర్రుమని మోగుతుంది. మధ్యలో మోత ఆగిపోతే ఆ చక్రాలకు మురికి పట్టిందన్నమాట. శుభ్రం చేశాక వాటి ఇరుసుల దగ్గర మాత్రమే సూదిమొనతో గడియారాల నూనె తాకిస్తారు.

ఫోకస్ మర విప్పేటప్పుడు రెండు భాగాలు సరిగ్గా ఎక్కడ విడిపోయాయో ఆ క్షణంలోనే గీత పెట్టుకోవాలి. ఈ మరకు ఎన్నో మొదళ్ళుంటాయి. తప్పు మొదలులో ఎక్కించినా మర తిరుగుతుంది గానీ దూరపు కొండ ఫోకస్‌లోకి రాదు. సరిచూసుకోవడానికి ఫిల్మ్ ఉండే చోట ట్రేసింగ్ కాగితం బిగుతుగా పరిచి, షట్టర్ తెరిచి ఉంచి, దూరంగా ఉన్న టవర్ బొమ్మ స్పష్టంగా పడుతోందో లేదో చూస్తారు.

జపాన్ కెమెరాల మరలకు ఆ దేశపు కొలతతో చేసిన స్క్రూడ్రైవరే వాడాలి. మామూలు ఫిలిప్స్ మొన సరిగా కూర్చోక మర తల అరిగిపోతుంది. లోపలి అద్దం ద్వారా దృశ్యాన్ని చూపించే ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో వెలుగు చొరబడకుండా అతికించిన నురుగు పట్టీలు కాలక్రమంలో నల్లటి బంకగా మారతాయి. అవి గీకేసి కొత్తవి అతికించడం నేర్చుకునేవారికి మంచి తొలిపాఠం. మడత కెమెరాల తిత్తికి మూలల్లో సూది బెజ్జాలు పడతాయి. చీకటి గదిలో లోపల టార్చి వెలిగిస్తే అవి చుక్కల్లా బయటపడతాయి. ఏఈ-1ను నొక్కినప్పుడు దగ్గులాంటి చప్పుడు వస్తే అద్దాన్ని కదిలించే చక్రాల దగ్గర నూనె ఆరిపోయిందని అర్థం. ఫ్లాష్ ఉన్న కెమెరా విప్పేవారు కెపాసిటర్‌తో జాగ్రత్త. బ్యాటరీ తీసేసినా అందులో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు.

1960, 70ల నాటి చాలా లైట్ మీటర్లు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి తగ్గట్టు చేసినవి. పాదరసం విషం కాబట్టి ఆ బ్యాటరీలు ఆగిపోయాయి. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలా మీటర్లు తప్పు చూపిస్తాయి. వినికిడి యంత్రాలకు వాడే 675 జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి పని జరుగుతుంది, కాకపోతే గాలి తగిలాక కొన్ని వారాలే ఉంటుంది.

ఫంగస్, భద్రపరచడం

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో లెన్సుకు ఫంగస్ పెద్ద శత్రువు. గాజు మీద సాలెగూడులా మొదలై, వదిలేస్తే పైపూతనూ ఆపై గాజునూ తినేస్తుంది. తొలిదశలో హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా కలిపి తుడిస్తే పోతుంది. గాజుపై మచ్చ దిగాక ఇక పోదు. తోలు కేసు తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి కెమెరాను అందులో పెట్టి బీరువాలో దాచడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే పెట్టె మేలు. అది లేనివారు మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు వాటిని వేడిచేసి ఆరబెడతారు. కెమెరాను స్ప్రింగు ఎక్కించి దాచకూడదు. నెలకోసారి అన్ని వేగాల్లోనూ షట్టర్ కొట్టాలి. అద్దం లేని, గుడ్డ తెర ఉన్న లైకా తరహా కెమెరాల లెన్సును మూత లేకుండా ఎండకు చూపిస్తే తెరకు చిల్లు పడుతుంది.

విలువ, నకిలీలు

1923లో ప్రయోగాత్మకంగా చేసిన లైకా 0-సిరీస్‌లో బార్నాక్ స్వయంగా వాడిన 105వ నంబరు కెమెరా 2022 జూన్‌లో 1.44 కోట్ల యూరోలకు వేలంలో అమ్ముడైంది. ఇలాంటి వార్తలు చూసి పాత కెమెరా అంటే లక్షలని ఆశపడేవారు చాలామంది. ధర వయసును బట్టి పలకదు. ఎన్ని తయారయ్యాయి, ఎంత చెడకుండా ఉంది, పనిచేస్తోందా అన్నవే లెక్క. లక్షల్లో తయారైన బ్రౌనీ వందేళ్ళదైనా చవకే.

లైకాలకు నకిలీలు ఎక్కువ. ఖార్కివ్‌లో 1934 నుంచి చేసిన ఫెడ్, తర్వాతి జోర్కి కెమెరాలు లైకా 2కు అనుకరణలే. వాటి పైచెక్కడాన్ని చెరిపి లైకా పేరు, ఒక్కోసారి జర్మన్ సైనిక చిహ్నాలు చెక్కి బంగారు రంగు పూసి అమ్ముతారు. లెన్సు తీసి లోపల చూస్తే బండారం బయటపడుతుంది. దూరం కొలిచే మీట కొసన అసలు లైకాలో చిన్న చక్రం ఉంటుంది, నకిలీలో చీలలాంటి మొన ఉంటుంది. అయితే ఫెడ్‌ను ఫెడ్‌గానే చూసేవారికి అది కూడా దాచుకోదగిన యంత్రమే.

ఇక మన దేశంలోని పెద్ద సేకరణల విషయానికొస్తే, ముంబైకి చెందిన ఫోటోజర్నలిస్టు దిలీశ్ పారేఖ్ 4,425 కెమెరాల సేకరణతో గిన్నిస్ రికార్డుకెక్కారు. గురుగ్రామ్‌లో ఫోటోగ్రాఫర్ ఆదిత్య ఆర్య సేకరణతో మ్యూజియో కెమెరా 2019లో తెరుచుకుంది.

మరమ్మతుదారులు

ఒకప్పుడు పట్టణాల్లో స్టూడియోలను ఆనుకుని కెమెరా బాగుచేసే ఒకరిద్దరుండేవారు. డిజిటల్ వచ్చాక ఆ పని తగ్గి, కొత్తగా నేర్చుకునేవారు కరువయ్యారు. ఇవాళ కొన్ని విడిభాగాలను త్రీడీ ప్రింటర్‌తో చేసుకుంటున్నారు. షట్టర్ వేగాన్ని లైట్ సెన్సర్‌తో ఫోన్‌లో రికార్డు చేసి కొలుస్తున్నారు. కానీ స్ప్రింగును ఎంత బిగించాలో, చక్రం చప్పుడు ఎలా ఉండాలో పాత చేతులకే తెలుసు. ఈ సంగతి పెద్ద కంపెనీలకూ ఎదురైంది: రికో 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరాను తెచ్చినప్పుడు, చేత్తో ఫిల్మ్ చుట్టే మీటను ఎలా చేయాలో తెలుసుకోవడానికి ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్ల సాయం తీసుకుంది.