బోస్నియా యుద్ధవార్తల్లో స్త్రీ: శాంతి పాత్రికేయత దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

1992 ఆగస్టు 5వ తేదీన బ్రిటిష్ పాత్రికేయుల బృందం ఒకటి ఉత్తర బోస్నియాలోని ఒమార్‌స్కా, త్ర్నోపోల్యే నిర్బంధ శిబిరాలను సందర్శించింది. ఐటిఎన్ టెలివిజన్ విలేకరులు పెన్నీ మార్షల్, ఇయన్ విలియమ్స్, గార్డియన్ పత్రిక విలేకరి ఎడ్ వల్లమీ ఆ బృందంలో ఉన్నారు. ముళ్ళకంచె వెనుక ఎముకలు తేలిన పురుషుల దృశ్యం మరునాడు ప్రసారమైంది. ఐరోపాలో రెండవ ప్రపంచయుద్ధం నాటి శిబిరాలు మళ్ళీ వచ్చాయన్న భావనను ఆ ఒక్క దృశ్యం ప్రపంచమంతటా కలిగించింది. అయితే ఆ దృశ్యంలో స్త్రీలు లేరు. అంతకుముందు వారాల్లో ఒమార్‌స్కాలో ముప్పైమందికి పైగా స్త్రీలు నిర్బంధంలో ఉండేవారు. పగలు భోజనశాలలో బందీలకు వడ్డించడం వారి పని. రాత్రివేళల్లో కాపలావారు వారిని గదుల నుండి పిలుచుకుపోయేవారు. వారిలో ఒక న్యాయవాది, ఒక న్యాయమూర్తి కూడా ఉన్నారు. వారిద్దరూ 1996లో వచ్చిన ‘కాలింగ్ ది ఘోస్ట్స్’ అనే డాక్యుమెంటరీలో తమ అనుభవాన్ని తామే చెప్పుకొన్నారు.

ఆగస్టులో కనిపించని స్త్రీ ఆ సంవత్సరం ముగిసేలోగా యుద్ధవార్తలకు ముఖచిత్రం అయింది. న్యూస్‌డే విలేకరి రాయ్ గట్‌మన్ ఆగస్టులోనే సామూహిక అత్యాచారాలపై కథనాలు రాశారు. శిబిరాల గురించిన వార్తాకథనాలకు 1993లో ఆయనకు పులిట్జర్ బహుమతి లభించింది. శతాబ్దాలుగా యుద్ధంలో ‘తప్పనిది’గా చెల్లుబాటైన నేరం పత్రికల మొదటి పుటకు ఎక్కడం చిన్న మార్పు కాదు. కానీ అది ఏ రూపంలో ఎక్కింది, ఎవరి పక్షాన మాట్లాడింది అన్నది వేరుగా విచారించవలసిన విషయం.

సిద్ధాంతంలోని ఒక లోపం

శాంతి పాత్రికేయత అన్న భావనకు మూలపురుషుడిగా నార్వే సమాజశాస్త్రవేత్త యోహాన్ గాల్టుంగ్‌ను చెప్పుకుంటారు. ఆయన 1965లో మారి రూగేతో కలిసి కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను నార్వే పత్రికలు ఎలా రాశాయో పరిశీలించారు. ఏ సంఘటన వార్త అవుతుంది, ఏది కాదు అన్న ప్రశ్నకు ఆ పరిశోధన పునాది వేసింది. తరువాతి కాలంలో గాల్టుంగ్ యుద్ధ పాత్రికేయతకూ శాంతి పాత్రికేయతకూ మధ్య తేడాలను ఒక పట్టికగా రూపొందించారు. మొదటిది గెలుపు ఓటములను, నాయకులను, ‘మనం–వాళ్ళు’ అన్న విభజనను పట్టుకుంటుంది. రెండవది సంఘర్షణ మూలాలను, అన్ని పక్షాల అసత్యాలను, సామాన్యుల జీవితాన్ని, పరిష్కారాలను పట్టుకుంటుంది.

ఆ పట్టికలో స్త్రీ ఎక్కడ కనిపిస్తుందో చూడాలి. ప్రజల వైపు నిలవడం అన్న అంశం కింద వృద్ధులతో, పిల్లలతో కలిపి, బాధ అనుభవించేవారిలో ఒకరిగా ఆమె కనిపిస్తుంది. సంధి కుదిర్చేవారిలో గాని, యుద్ధాన్ని వ్యతిరేకించేవారిలో గాని ఆమె ప్రత్యేకంగా లేదు. గల్ఫ్ సంక్షోభ కాలంలో, 1990లో, అమెరికన్ పండితురాలు సింథియా ఎన్లో ఈ ధోరణినే ఎత్తిచూపుతూ, వార్తల్లో స్త్రీలు, పిల్లలు అన్న రెండు మాటలు విడదీయరాని ఒకే మాటగా మారిపోయాయని విమర్శించారు. అంటే యుద్ధవార్తలను విమర్శించడానికి పుట్టిన సిద్ధాంతం సైతం ఆ అలవాటు నుండి పూర్తిగా బయటపడలేదన్నమాట. బోస్నియా ఈ లోపానికి పరీక్ష అయింది.

వార్తకు ముందే సిద్ధమైన కథ

అత్యాచారాన్ని జాతుల మధ్య వైరంగా చూపడం యూగోస్లావియాలో 1992లో మొదలు కాలేదు. 1980ల మధ్యకాలంలో కొసోవోలో అల్బేనియన్లు సెర్బియన్ స్త్రీలపై పథకం ప్రకారం అత్యాచారాలు చేస్తున్నారని బెల్‌గ్రేడ్ పత్రికలు విస్తృతంగా రాశాయి. 1986లో సెర్బియా శిక్షాస్మృతిని సవరించి, బాధితురాలు, నేరస్థుడు వేర్వేరు జాతులవారైతే శిక్ష తీవ్రంగా ఉండేలా చేశారు. 1990లో వెలువడిన స్వతంత్ర కమిషన్ నివేదిక పరిశీలించగా తేలినది వేరు: కొసోవోలో అత్యాచారాల రేటు మిగతా సెర్బియా కంటే తక్కువ, వాటిలో అత్యధికం ఒకే జాతి వారి మధ్య జరిగినవి. నివేదిక వచ్చేసరికి కథ స్థిరపడిపోయింది. స్త్రీ శరీరం జాతి సరిహద్దు అన్న భావనను పత్రికలు పదేళ్ళలోపే ఇంటింటికీ చేర్చాయి. గాల్టుంగ్ భాషలో చెప్పాలంటే హింస మొదలయ్యాక మేల్కొనే పాత్రికేయత ఈ దశను అసలు చూడదు.

ఈ భావన తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. తెలుగు పత్రికల్లో చాలాకాలం వాడుకలో ఉన్న ‘మానభంగం’ అన్న మాట నేరస్థుడి చర్యను కాక స్త్రీ మానం భగ్నమవడాన్ని చెబుతుంది. ఆ మానం ఆమె ఒక్కతెది కాదు, కుటుంబానిది, కులానిది. యుద్ధకాలంలో అది జాతిది అవుతుంది.

అంకెల పోరు

1992 డిసెంబరులో ఐరోపా సముదాయం ఆన్ వార్‌బర్టన్ నాయకత్వాన ఒక పరిశీలక బృందాన్ని పంపింది. సుమారు 20,000 మంది ముస్లిం స్త్రీలు అత్యాచారానికి గురై ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. బోస్నియా ప్రభుత్వ వర్గాలు చెప్పిన సంఖ్య 50,000 వరకు పోయింది. సెర్బియన్ పక్షం తమ స్త్రీల లెక్కలను ముందుకు తెచ్చింది. పాత్రికేయం అంకెల మీద వాదులాటగా మారింది. సంఖ్య ఎక్కువైతే సైనిక జోక్యానికి బలం, తక్కువైతే ప్రచారమన్న నింద. మధ్యలో స్త్రీ ఏమి కోరుకుంటున్నదన్న ప్రశ్నకు చోటు మిగలలేదు.

విలేకరులు శరణార్థి కేంద్రాలకు వచ్చి, అత్యాచారానికి గురై ఇంటర్వ్యూ ఇవ్వగల స్త్రీల కోసం వెదికారు. ఇది కొత్త పద్ధతి కాదు. 1960లో కాంగో నుండి పారిపోయి వచ్చిన బెల్జియన్ల గుంపులో ఒక టెలివిజన్ విలేకరి, ఇక్కడ అత్యాచారానికి గురై ఇంగ్లీషు మాట్లాడగలవారు ఎవరైనా ఉన్నారా అని కేక వేశాడని పాత్రికేయుడు ఎడ్వర్డ్ బేర్ నమోదు చేశారు. తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ ప్రశ్ననే పేరుగా పెట్టారు. మూడు దశాబ్దాల తరువాత దుబాసీలు తోడయ్యారు, అంతే తేడా. ఇదే సమయంలో మోనికా హౌజర్ అనే స్త్రీవైద్యురాలు స్థానిక నిపుణురాళ్ళతో కలిసి 1993 ఏప్రిల్‌లో జెనిత్సా పట్టణంలో ‘మెడికా’ కేంద్రాన్ని ప్రారంభించారు. చికిత్స, ఆశ్రయం, ఆలకింపు అక్కడి పని. వార్తగా చూస్తే అందులో సంచలనం లేదు. అయినా యుద్ధం మధ్యలో స్త్రీలు స్త్రీల కోసం కట్టుకున్న సంస్థ అది. శాంతి పాత్రికేయత వెదకవలసిన వార్త అదే.

పురుషులపై జరిగిన లైంగిక హింస మరింత మరుగున పడింది. ఒమార్‌స్కాలో బందీలపై జరిగిన అటువంటి క్రూరత్వం 1997లో టాడిచ్ కేసు తీర్పులో నమోదైంది. బాధితుడు పురుషుడైతే అది ‘చిత్రహింస’, స్త్రీ అయితే ‘అత్యాచారం’ అన్న విభజనతో చాలా కథనాలు సాగాయి. జెండర్ దృష్టి అంటే స్త్రీల సంఖ్యను పెంచడం మాత్రమే కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఒప్పుకోని గొంతులు

ఈ వార్తాధోరణిని ప్రశ్నించిన స్త్రీలు ఆ దేశాల్లోనే ఉన్నారు. 1992 డిసెంబరులో జాగ్రెబ్‌లోని గ్లోబస్ వారపత్రిక, క్రొయేషియన్ స్త్రీవాదులు క్రొయేషియానే చెరుస్తున్నారన్న అర్థం వచ్చే శీర్షికతో ఐదుగురు రచయిత్రులపై దాడి చేసింది. స్లావెంకా ద్రాకులిచ్, దుబ్రావ్కా ఉగ్రేషిచ్, వెస్నా కేసిచ్, యెలెనా లోవ్రిచ్, రాదా ఇవేకోవిచ్ ఆ ఐదుగురు. (వీరిలో ఇవేకోవిచ్ భారతీయ తత్త్వశాస్త్రాన్ని అధ్యయనం చేసిన పండితురాలు.) అత్యాచారాన్ని ఒక జాతి మరొక జాతిపై చేసిన నేరంగా మాత్రమే కాక, పురుషులు స్త్రీలపై చేసిన నేరంగా కూడా చూడాలనడం వారిపై మోపిన ప్రధాన నిందల్లో ఒకటి. వారి వ్యక్తిగత వివరాలను కూడా పత్రిక అచ్చువేసింది. దేశంలో ఉండలేని పరిస్థితిలో ఉగ్రేషిచ్ తరువాతి సంవత్సరం క్రొయేషియాను విడిచి వెళ్ళారు. శత్రువును నిందించడానికి స్త్రీ బాధను వాడుకొన్న వాతావరణమే ఆ బాధ గురించి మరోలా మాట్లాడిన స్త్రీలను ద్రోహులుగా నిలబెట్టింది.

బెల్‌గ్రేడ్‌లో ‘నల్లదుస్తుల స్త్రీలు’ 1991 అక్టోబరు 9 నుండి ప్రతివారం వీధిలో మౌనంగా నిలబడి తమ ప్రభుత్వ యుద్ధాన్ని నిరసించారు. సారాయెవోలో ఓస్లోబోజెన్యే దినపత్రిక ముట్టడి పొడవునా వెలువడింది. ముస్లింలు, సెర్బులు, క్రొయేట్లు కలిసి పనిచేసిన ఆ పత్రికలో గోర్డానా క్నెజెవిచ్ ఉప సంపాదకురాలు. ‘సనాతన జాతివైరం’ అన్న మాటతో సరిపెట్టిన విదేశీ కథనాలకు ఆ పత్రిక ఉనికే జవాబు. 1995 నవంబరులో డేటన్‌లో మిలోషెవిచ్, టుజ్మన్, ఇజెత్‌బెగోవిచ్ కూర్చున్న సంధిబల్ల దగ్గరికి వీరెవరికీ పిలుపు రాలేదు. అదే 1995 జనవరిలో 71 దేశాల్లో ఒక్కరోజు వార్తలను గమనించిన అంతర్జాతీయ అధ్యయనం, వార్తల్లో కనిపించే మనుషుల్లో స్త్రీలు 17 శాతమేనని తేల్చింది.

అంకె నుండి సాక్ష్యానికి

1993 మే 25న భద్రతామండలి 827వ తీర్మానంతో ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ శాసనం అత్యాచారాన్ని మానవజాతిపై నేరాలలో పేర్కొన్నది. దీనికి పత్రికల ఒత్తిడి తోడ్పడిందన్నది కాదనలేని విషయం. 2000 మార్చిలో ఫోచా కేసు విచారణ మొదలైంది. తూర్పు బోస్నియాలోని ఆ పట్టణంలో పార్టిజాన్ క్రీడాశాలలో, ఇళ్ళలో స్త్రీలను, బాలికలను నిర్బంధించి నెలల తరబడి అత్యాచారానికి గురిచేశారన్నది అభియోగం. సాక్షుల రక్షణ కోసం పేర్ల స్థానంలో సంకేత సంఖ్యలు ఇచ్చారు. పత్రికల్లో 20,000లో కరిగిపోయిన స్త్రీ, న్యాయస్థానంలో ఒక సంఖ్య చాటున నిలబడి ఏ గది, ఏ రోజు, ఎవరు అన్నది తన మాటల్లో చెప్పింది. జాంబియాకు చెందిన న్యాయమూర్తి ఫ్లోరెన్స్ ముంబా అధ్యక్షతలోని ధర్మాసనం 2001 ఫిబ్రవరి 22న కునారాట్స్‌కు 28, కొవాచ్‌కు 20, వూకొవిచ్‌కు 12 సంవత్సరాల శిక్ష విధించింది. లైంగిక బానిసత్వాన్ని మానవజాతిపై నేరంగా నిర్ధారించిన ఆ తీర్పుకు మొత్తం ఎంతమంది అన్న లెక్క అవసరం కాలేదు. 2002 జూన్‌లో అప్పీలు ధర్మాసనం ఆ శిక్షలను ఖాయం చేసింది.

స్వదేశంలో ఆ స్త్రీలకు గుర్తింపు ఇంకా ఆలస్యమైంది. 2006లో యాస్మిలా జ్బానిచ్ చిత్రం ‘గ్ర్బావిత్సా’ బెర్లిన్ చిత్రోత్సవంలో ప్రథమ బహుమతి పొందింది. ఆ చిత్రంతో పాటు సంతకాల సేకరణ ఉద్యమం సాగింది. యుద్ధకాల అత్యాచార బాధితులను పౌర యుద్ధబాధితులుగా గుర్తించి నెలసరి భృతి ఇచ్చే చట్టసవరణను బోస్నియా ఫెడరేషన్ ఆ సంవత్సరమే చేసింది. దేశంలోని రెండవ భాగమైన రిపబ్లికా స్ర్‌ప్‌స్కాలో అటువంటి చట్టం 2018లో గాని రాలేదు. ఫోచా పట్టణం ఉన్నది ఆ రెండవ భాగంలోనే.