పైలమని ఎవరూ చెప్పలేదు

2014 జూన్ 8. ఆదివారం. పొద్దుగూకే వేళ.

సిమ్లా చూసుకొని మనాలి వెళ్తున్న విద్యార్థుల బృందం హిమాచల్‌ప్రదేశ్ మండి జిల్లాలోని థలౌట్ దగ్గర ఆగింది. రోడ్డు కింద బియాస్ నది బండరాళ్ల నడుమ సన్నటి పాయలుగా పారుతోంది. జూన్ ఎండల్లోంచి వెళ్లిన పిల్లలు. మంచు కరిగి వస్తున్న నీళ్లు కళ్లెదుట ఉంటే ఆగుతారా? కొందరు గట్టు దిగారు. రాయి మీంచి రాయి మీదికి అడుగులేస్తూ నది నడుమకు చేరారు. ఫొటోలు దిగుతున్నారు.

వాళ్లు హైదరాబాద్ బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి కళాశాల విద్యార్థులు, 48 మంది. ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతున్నారు. వెంట అధ్యాపకులున్నారు. కాలేజీ లెక్కలో అది ఇండస్ట్రియల్ టూర్. పిల్లల లెక్కలో మనాలి అంటే రోహ్‌తాంగ్ మంచు, సోలాంగ్ లోయ స్కీయింగ్ వాలు. అక్కడికి ఇంకో రెండు మూడు గంటల ప్రయాణమే.

ఉన్నట్టుండి నీళ్లు పెరిగాయి. ఒడ్డునున్నవాళ్లు కేకలు పెట్టారు. అడుగుపెట్టి వచ్చిన రాళ్లన్నీ మునిగిపోయాయి. వెనక్కి దారి లేదు. మిగిలిన బండ మీద పిల్లలు ఒకరినొకరు పట్టుకొని నిలబడ్డారు. ఒడ్డు నుంచి ఎవరో తీసిన ఆ వీడియోను తర్వాత దేశమంతా చూసింది. చూస్తుండగానే బండ కనపడలేదు. దాని మీది పిల్లలూ కనపడలేదు.

24 మంది విద్యార్థులు. పద్దెనిమిది మంది అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు. వాళ్లతోపాటు టూర్ నిర్వాహకుల్లో ఒకరు.

సరిగ్గా ఆ సాయంత్రమే గుంటూరు దగ్గర చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తున్నారు. తెలంగాణ ఏర్పడి ఆరు రోజులే. తెలుగు ఇళ్లల్లో టీవీలన్నీ పండగ మీదున్నాయి. ఆ రాత్రే హిమాచల్ కబురు వచ్చింది.

ఎగువన ఏం జరిగింది?

థలౌట్‌కు కొద్ది దూరం ఎగువన లార్జీ డ్యాం ఉంది. 126 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు అది. నదిని అక్కడ ఆపి, నీటిని సొరంగంలోంచి టర్బైన్లకు పంపుతారు. అందుకే డ్యాంకూ విద్యుత్ కేంద్రానికీ మధ్య నది ఎండినట్టు, ఎవరైనా దిగొచ్చన్నట్టు కనిపిస్తుంది. ఆ సాయంత్రం కరెంటు ఉత్పత్తి తగ్గించమన్న ఆదేశం వచ్చింది. టర్బైన్లకు పోవాల్సిన నీరు డ్యాంలో నిండింది. ఎక్కువ నిల్వకు అక్కడ చోటు లేదు. గేట్లు లేపారు.

సైరన్ మోగించామని అధికారులు అన్నారు. తమకేమీ వినపడలేదని బతికి బయటపడ్డ పిల్లలు చెప్పారు. నీటిమట్టం కొలిచే పరికరం, ప్రమాదం పసిగట్టి గంట మోగించే యంత్రం... ఆ పిల్లలు నేర్చుకుంటున్న చదువే అది. ఆ చదువు కాపలా కాయాల్సిన చోటనే వాళ్లు పోయారు.

జాతీయ విపత్తు దళం, సైన్యం, నౌకాదళ గజ ఈతగాళ్లు దిగువన పండోహ్ డ్యాం దాకా గాలించారు. నీళ్లు మంచులా ఉన్నాయి. లోపలంతా బురద. ఒడ్డున తల్లిదండ్రులు. ఒక్కో దేహం దొరకడానికి రోజులు పట్టింది. కొందరి కోసం వారాలు ఎదురుచూశారు.

హిమాచల్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. దాన్ని విద్యుత్ బోర్డు, కళాశాల, రాష్ట్ర ప్రభుత్వం పంచుకోవాలంది. బోర్డుకు 60 శాతం, కళాశాలకు 30, ప్రభుత్వానికి 10. ఈ వాటాల్లో నాకు 30 శాతమే పెద్దదిగా కనిపిస్తుంది. గేటు లేపింది కాలేజీ కాదు. అయినా పిల్లల్ని తీసుకెళ్లింది కాలేజీయే. గేటు దాటి ఎంత దూరం పోయినా విద్యార్థి కాలేజీ బాధ్యతేనని ఆ అంకె చెబుతోంది.

కాజీపేట ప్లాట్‌ఫాం మీద

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ మా కాజీపేటలోనే ఉత్తరానికి తిరుగుతాయి. సెలవులొస్తే ఇక్కడ ప్లాట్‌ఫాం నిండా పిల్లలే. నిట్ విద్యార్థులు, హన్మకొండ కాలేజీల పిల్లలు. కిటికీ చువ్వలు పట్టుకొని తల్లులు. "పైలం బిడ్డా, దిగంగనె ఫోన్ చెయ్యి." రైలు కదిలినా ఆ మాట ఆగదు.

ఇప్పుడు టూర్లే కాదు, నెలల తరబడి పని నేర్చుకునే ప్రయాణాలూ ఉన్నాయి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు కోర్సులో భాగంగా ఏదో ఒక హోటల్లో శిక్షణ పొందాలి. అది మనాలిలో కావచ్చు, గుల్మార్గ్‌లో కావచ్చు. బయటి దేశాల్లోనూ ఇలాంటి ప్రయాణాలున్నాయి. అమెరికా స్కీ రిసార్టుల్లో చలికాలమంతా పెరూ, అర్జెంటీనా విద్యార్థులు జె-1 వీసా మీద లిఫ్టుల దగ్గర, వంటశాలల్లో పనిచేస్తారు. అదే వీసా మీద వచ్చి పెన్సిల్వేనియాలో చాక్లెట్లు ప్యాక్ చేసిన విద్యార్థులు 2011 ఆగస్టులో పని ఆపి రోడ్డెక్కారు. నేర్పుతామని పిలిచి చాకిరీ చేయించుకుంటున్నారన్నది వాళ్ల గోడు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం నిబంధనలు బిగించింది. పిల్లల్ని పంపే సంస్థే ముందుగా యజమానిని విచారించాలంది.

పంపేవాళ్లు ముందే అడగాలి. బస ఎక్కడ? పని ఎన్ని గంటలు? మంచు పెళ్లలు జారే వాలా, గేట్లు లేపే నదా? ఆపదొస్తే అక్కడ పలికే మనిషెవరు? ఈ ప్రశ్నలకు జవాబు రాశాకే కాలేజీ ప్రయాణ పత్రం మీద సంతకం పెట్టాలి. జవాబు చూశాకే తల్లిదండ్రులు పెట్టాలి.

థలౌట్‌లో ఆ సాయంత్రం కావాల్సింది ఒక్క మాటే. కాజీపేటలో చదువురాని తల్లి కూడా రైలు కదిలేలోపు పదిసార్లు చెప్పే మాట. ఆ మాటను తల్లి నోటి నుంచి కాలేజీ అందుకోవాలి, కాలేజీ నుంచి హోటలూ డ్యామూ అందుకోవాలి. పిల్లలు ఇల్లు చేరేదాకా అది ఎక్కడా తెగకూడదు.

పైలం.