నార

తమిళ, మలయాళాల్లో ‘నార్’, కన్నడంలో ‘నారు’, మనకు ‘నార’. రాముడు అడవికి కట్టుకెళ్లిన నారచీరలోనూ, నల్గొండ పల్లెల్లో తాటిమట్టను దంచి తీసే నారలోనూ ముఖ్య పదార్థం సెల్యులోజే. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త అన్సెల్మ్ పాయెన్ దాన్ని వేరుచేశాడు.

ఇప్పుడు కలప నుంచి తీసిన సెల్యులోజ్ నారను పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లో కలిపి బలం పెంచుతున్నారు. ఇదే పనికి వాడే గాజునార ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు తూగితే, ఇది 1.5 గ్రాములే. చిక్కల్లా ఒక్కటే: నార నీటిని పీల్చుకుంటుంది, ప్లాస్టిక్ దరిచేరనివ్వదు, అందుకే రెండూ సరిగ్గా అతుక్కోవు. మాలియిక్ ఆన్‌హైడ్రైడ్ తగిలించిన పాలీప్రొపిలీన్ కొద్దిగా కలిపితే అది రెంటినీ పట్టి ఉంచుతుంది.

ఈ కలప నారను ‘పీచు’ అనేవారున్నారు. నాకు ‘నార’ అనడమే ఇష్టం. పీచు తిండిలోనూ ఉంటుంది. నార అంటే పేనితే తాడయ్యేది, లాగితే ఓర్చుకునేది. ఇంజినీరు వెతికేదీ ఆ ఓర్పునే.