లేని నెలకూ చోటు: కాలక్రమ గ్రాఫుల్లో ఖాళీల చిత్రణ

2020 మార్చి 19 నుంచి ధరల సేకరణ సిబ్బంది అంగళ్లకు వెళ్లడం ఆగిపోయింది. వినియోగదారుల ధరల సూచీకి అప్పట్లో 1114 పట్టణ మార్కెట్ల నుంచీ 1181 గ్రామాల నుంచీ నెలనెలా ధరలు రావాలి. లాక్‌డౌన్‌లో ఆ సేకరణ దెబ్బతినడంతో ఏప్రిల్, మే నెలలకు జాతీయ గణాంక కార్యాలయం మొత్తం సూచీని ప్రకటించలేదు. చాలినన్ని ధరలు అందిన ఉపవర్గాల వివరాలు మాత్రం ఇచ్చింది. జులైలో జూన్ సూచీతో పాటు ఆ రెండు నెలల సూచీనీ అంచనాతో పూరించి విడుదల చేసింది. దాని ప్రకారం ద్రవ్యోల్బణం ఏప్రిల్‌లో 7.22 శాతం, మేలో 6.27 శాతం. ఇక ఆ అంకెల పట్టికను తీసుకుని ఎవరు గ్రాఫ్ గీసినా మార్చి నుంచి జూన్ దాకా గీత ఎక్కడా తెగదు. దాన్ని చూసిన విద్యార్థి ఆ వేసవిలో సిబ్బంది ఎప్పటిలాగే అంగళ్లు తిరిగారనుకుంటే తప్పు అతనిది కాదు.

కాల అక్షం క్యాలెండర్‌కు చెందినది, పట్టికకు కాదు అన్నది ఈ వ్యాసం వాదన. కొలత ఉన్నా లేకపోయినా ప్రతి నెలకూ అక్షం మీద దాని వెడల్పు దానికి దక్కాలి. పూరించిన విలువ ఉంటే, అది కొలిచిన విలువ కాదని చూడగానే తెలియాలి.

ఇదంతా అలంకారానికి సంబంధించిన చర్చ అనుకునేవారికి 2020 నాటి రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ నిర్ణయమే జవాబు. చట్టం కింద ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, పై హద్దు 6. వరసగా మూడు త్రైమాసికాలు సగటు ఆ హద్దు దాటితే లక్ష్యసాధనలో విఫలమైనట్టే; రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. 2020 జనవరి–మార్చి సగటు 6 దాటింది. జులై–సెప్టెంబరులోనూ, అక్టోబరు–డిసెంబరులోనూ దాటింది. మధ్యలోని ఏప్రిల్–జూన్ పూరించిన అంకెలతో లెక్కిస్తే అదీ దాటినట్టే. అయితే ఆగస్టు సమావేశంలో కమిటీ, విధాన నిర్ణయాల వరకు ఆ రెండు నెలల అంకెలను శ్రేణిలో తెంపుగా చూడవచ్చని అభిప్రాయపడింది. తెంపు అంటే వరస పోయింది. 2021 జనవరి–మార్చిలో సగటు 6 కిందికి దిగింది కనుక వైఫల్య నిబంధన అప్పుడు వర్తించలేదు. అది 2022లో గానీ రాలేదు. కమిటీ చేసింది సబబా కాదా అన్నది వేరే చర్చ. ఒకే పట్టిక నుంచి గీత కలిపి ఒక గ్రాఫ్, తెంపి మరొకటి గీస్తే, ఆ రెండూ చట్టం ముందు రెండు వేర్వేరు కథలు చెబుతాయి.

ఇలాంటి ఖాళీతో పోలిస్తే పంచాంగంలో క్షయమాసం సంగతి వేరు. ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడితే లెక్కలో ఒక నెల లోపిస్తుంది; 1982-83లో అలాగే జరిగింది. అక్కడ అక్షం మీద చోటు వదలాల్సిన పని లేదు. 2020 ఏప్రిల్‌లో మాత్రం 30 రోజులూ గడిచాయి, ఉప్పూ పప్పూ అమ్ముడుపోయాయి, అంగళ్లకు వెళ్లి ధరలు రాసుకునేవాళ్లే లేరు.

గ్రాఫ్ గీసే సాఫ్ట్‌వేర్‌కు ఈ తేడా మనం చెబితే తప్ప తెలియదు. పట్టికలో ఏప్రిల్ వరస ఉండి విలువ గడి ఖాళీగా ఉంటే చాలా ప్రోగ్రాములు గీతను అక్కడ తెంపుతాయి. ఆ వరసే లేకపోతే మార్చి బిందువు నుంచి జూన్ బిందువుకు నేరుగా గీత లాగేస్తాయి. అక్షాన్ని తేదీలుగా కాక ఉత్త పేర్లుగా చదివితే ఇంకా అన్యాయం: మార్చి పక్కనే జూన్ వచ్చి కూర్చుంటుంది, మూడు నెలల మార్పు ఒక నెల మార్పులా నిటారుగా కనిపిస్తుంది. కాబట్టి మొదట పూర్తి నెలల వరస తయారుచేసి, ఆ తరువాతే దానికి కొలతలను జతపరచాలి. ఖాళీ గడిని సున్నాగా చూపే సదుపాయం ఎక్సెల్‌లో ఉంది. వర్షపాతానికి సున్నా నిజమైన కొలత కావచ్చు; ధరల సూచీకి అది ఎన్నటికీ కాదు.

పూరించడాన్ని పూర్తిగా కాదనలేం. హవాయిలోని మౌనా లోవాలో చార్లెస్ కీలింగ్ 1958లో మొదలుపెట్టిన కార్బన్ డయాక్సైడ్ కొలతల్లో 1964 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలు లేవు. నిధుల కోతతో పని ఆగింది. ఆ వాయువు పరిమాణం ఏటా మే వరకు పెరిగి, ఉత్తరార్ధగోళంలో పచ్చదనం విస్తరించాక తగ్గుతుంది. ఇలాంటి రుతుచక్రం గట్టిగా తెలిసినచోట పూరణకు శాస్త్రీయ ఆధారం ఉంటుంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ పట్టిక చాలాకాలం పాటించిన పద్ధతి నాకు ఆదర్శంగా కనిపిస్తుంది: కొలిచిన సగటు ఒక నిలువు వరసలో, పూరించినది మరో వరసలో. కొలత లేని నెలకు మొదటి వరసలో −99.99 అని వేసేవారు. చూసుకోకుండా గీసినవాడి గ్రాఫ్ పాతాళానికి పడిపోతుంది. అదీ మంచిదే, ఆ పొరపాటు దాగదు. నున్నగా పూరించిన అంకెలో పొరపాటును ఎవరూ పట్టుకోలేరు.

చిత్రణకు కొత్త ఆవిష్కరణలేమీ అక్కర్లేదు. జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1765లోనే తన జీవితరేఖల పటంలో తెలియని జనన మరణ కాలాలను చుక్కలతో చూపాడు. మన గ్రాఫుల్లో కొలిచిన నెలకు నిండు బిందువు, పూరించిన నెలకు బోలు బిందువు, అసలేమీ లేని నెలకు లేతరంగు పట్టీ సరిపోతాయి. నిండు బిందువు నుంచి బోలు బిందువుకు నిండు గీత లాగకూడదు. కారణాన్ని పట్టీ మీదే రెండు మాటల్లో రాయాలి. అడుగున వేసే నక్షత్రం గుర్తు ఆ గ్రాఫ్‌ను ఇంకొకరు కత్తిరించి వాడుకోగానే పోతుంది.

వ్యాసకర్తలు తరచూ మరిచేది ఖాళీ వేసే నీడను. వార్షిక ద్రవ్యోల్బణానికి హారం నిరుటి అదే నెల సూచీ. 2021 ఏప్రిల్‌కు మొదట ప్రకటించిన 4.29 శాతం, మేకు 6.30 శాతం, రెండూ అంచనాతో పూరించిన పునాది మీద లెక్కించినవే. ఆ రెండు నెలల్లో ధరలు నిజంగా సేకరించినా, వార్షిక రేట్ల గ్రాఫ్‌లో వాటికీ బోలు బిందువులే న్యాయం. సూచీ గ్రాఫ్‌లో రెండు నెలలకు గుర్తు పెడితే రేట్ల గ్రాఫ్‌లో నాలుగింటికి పెట్టాలన్నమాట.

అమెరికా 2025లో మరో దారి పట్టింది. ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి అక్టోబరు ధరల సేకరణ జరగలేదు. కార్మిక గణాంకాల సంస్థ ఆ నెల మొత్తం సూచీని పూరించకుండా ఖాళీగానే వదిలింది. ఆ నిర్ణయం అలాగే నిలిస్తే 2026 అక్టోబరు వార్షిక రేటుకు హారం ఉండదు. ఆ ఏడు అక్టోబరులో ధరలన్నీ సక్రమంగా సేకరించినా, రేట్ల గ్రాఫ్‌లో ఆ నెల చోటు ఖాళీగా వదలాల్సిందే.