పరుపు వంటి ఒక స్లావిక్ పదము

ఆది స్లావిక్ భాషలో వ్రాసిన వాక్యము ఒక్కటైనను నేడు లభింపదు. 9వ శతాబ్దిలో సిరిల్, మెథోడియస్ సోదరులు క్రైస్తవ గ్రంథములను స్లావిక్ భాషలోనికి తెచ్చునాటికే ఆ భాష శాఖలుగా చీలనారంభించినది. అయినను రష్యన్ ‘పస్తేల్’, పోలిష్ ‘పోశ్చెల్’, చెక్ ‘పోస్తెల్’, సెర్బియన్ ‘పోస్తెల్యా’ అను పదములను సరిపోల్చి, శయ్యను తెలుపు ప్రాచీన నామమొకటి ఉండెనని భాషావేత్తలు నిర్ణయించిరి.

ఇది స్త్రీలింగ శబ్దము. సెర్బియన్, స్లొవీన్ భాషలు ‘పొస్తెల్యా’ అను ఆకారాంత రూపమును సూచించును. రష్యన్, పోలిష్, చెక్ భాషలు ‘పొస్తెలి’ అను ఇకారాంతమును సూచించును. సంస్కృతములో ‘రమా’, ‘మతి’ శబ్దములకు గల భేదము వంటిదే ఇదియు. ఇందు ‘పొ’ ఉపసర్గ. ‘స్తెల్’ అనగా పరచుట. ఈ ధాతువు నామములో ఎకారమును నిలుపుకొన్నది. ‘పరచుట’ అను క్రియయగు ‘స్తిలాతి’లో ఆ అచ్చు మిక్కిలి కురుచయైన ఇకారముగా క్షీణించినది. పీఠము, పిమ్మట బల్ల అను అర్థములు గల ‘స్తొల్’ శబ్దమును కూడ ఒకారముతో మారిన ఈ ధాతురూపమే యని పలువురు పండితులు చెప్పుదురు.

సంస్కృతము నెరిగినవారికి వెంటనే ‘ప్రస్తరము’ స్ఫురించును. ‘స్తృ’ ధాతువునకు పరచుట యని అర్థము. ప్రస్తరమనగా పరచిన దర్భ, శయ్య. కాని ఈ పోలికను తొందరపడి అంగీకరింపరాదు. ఆ రేఫ ధాతువు స్లావిక్ భాషలలో వేరుగా నిలిచియే యున్నది. విశాల ప్రదేశమను అర్థము గల ‘ప్రొస్తొర్’ శబ్దమే ప్రస్తరమునకు సరియైన జోడు. సంస్కృతములో రేఫ లకారములు కలిసిపోవుట కలదు గాని స్లావిక్ భాషలు వాటిని వేరుగానే కాపాడినవి. కావున ‘స్తెల్’ మరియొక ధాతువు. విశాలమను అర్థము గల లాటిన్ ‘లాతుస్’తో దానికి చుట్టరికము చెప్పువారు కలరు, అది నిర్వివాదము కాదు.

అర్థచరిత్రయు విచార్యమే. పోలిష్ భాషలో ఈ పదము పక్కబట్టలకే పరిమితము, చెక్‌లో అది మంచము, రష్యన్‌లో రెండును. ధాత్వర్థమును బట్టి చూడగా మొదట ఇది నేలపై పరచినదానికే పేరై, తరువాత మంచమునకు వ్యాపించినదని తోచును. శయ్యకే మరొక పేరగు ‘లోజె’ పండుకొనుటను తెలుపు ధాతువు నుండి పుట్టినది. చర్చి స్లావిక్ కీర్తనల గ్రంథమున 6వ కీర్తనలో ఈ రెండు పదములును జంటగా కనిపించును.

తెలుగునకు ఈ భాషలతో జన్యసంబంధము లేదు. అయినను ‘పరచు’ నుండి పరుపు, ‘పడు’ నుండి పడక పుట్టుటలో అదే ఆలోచన కలదు. రష్యన్‌వారు ‘పస్తేల్’ను ‘స్తెలీత్’ చేయుదురు. మనము పరుపును పరచుదుము. రష్యన్ కథను తెనిగించువాడు ప్రతిచోటను ‘మంచము’ అని వ్రాసినచో, మంచమే లేని పేదవాని ఇంట మంచము వేసినవాడగును.