బాంటింగు లేఖ

మెట్లు దిగవలెనంటే వెనుకకు తిరిగి ఒక్కొక్క అడుగే వేయవలసిన మనిషిని ఊహించుకొందము. లండనులో రాజకుటుంబపు అంత్యక్రియలు నిర్వహించిన వర్తకుడు విలియం బాంటింగుకు 1862లో అదే అవస్థ. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు. వంగి బూట్ల తాళ్ళు కట్టుకొనలేడు.

వ్యాయామం చేయలేదా అంటే, చేసినాడు. అంతకు చాలా ఏండ్ల ముందు ఒక వైద్యుని మాటపై ఉదయం పూట రెండేసి గంటలు నదిలో పడవ తెడ్లు వేసినాడు. కండలు గట్టిపడినవి, ఆకలి విజృంభించినది, బరువూ పెరిగినది. దీనికి తెడ్లను నిందించుట న్యాయమని మేమనుకొనము. తెడ్డు కరిగించినదానిని పళ్ళెం తిరిగి ఇచ్చినది, అంతే.

చివరకు చెవుడు వచ్చి విలియం హార్వీ అను వైద్యుని వద్దకు పోయినాడు (రక్తప్రసరణ కనుగొన్న హార్వీ వేరు). ఆయన చెవిని విడిచి కొవ్వును పట్టుకొన్నాడు. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంప సాధ్యమైనంతవరకు మానుమన్నాడు. మాంసము, చేపలు, కూరలు మిగిలినవి. భోజనంతో ద్రాక్షసారా మాత్రం ధారాళమే! సుమారు ఏడాదిలో 46 పౌన్లు తగ్గినవి, వినికిడీ మెరుగుపడినది. ఈ అనుభవాన్ని బాంటింగు 1863లో లేఖారూపమైన చిన్న పుస్తకంగా అచ్చువేయించి ఉచితంగా పంచినాడు. వైద్యులు కొందరు ఎగతాళి చేసినా, ఇంగ్లండులో పథ్యం పట్టుటకు ఆయన పేరే క్రియాపదమైనది. స్వీడిష్ భాషలో నేటికీ ఆ మాట వాడుకలో ఉన్నది.