చెన్నైకీ బెంగళూరుకీ నడుమ: చిత్తూరు సీమలో పెద్దపేగు క్యాన్సర్ లెక్కల కథ

చిత్తూరు నుంచి తూర్పుకు పోతే చెన్నై, పడమటికి పోతే బెంగళూరు. ఈ రెండు నగరాల్లోనూ క్యాన్సర్ వచ్చిన ప్రతి మనిషినీ ఊరూ వయసుతో సహా నమోదు చేసే జనాభా రిజిస్ట్రీలు 1982 నాటికే పనిలో ఉన్నాయి. నడుమనున్న పాత చిత్తూరు జిల్లాలో 2011 జనగణన ప్రకారం 41.7 లక్షల మంది ఉన్నారు. వారిలో పదింట ఏడుగురు పల్లెవాసులే. 2012–16 సంవత్సరాలకు భారత వైద్య పరిశోధన మండలి వెలువరించిన జాతీయ నివేదికలో 28 జనాభా రిజిస్ట్రీలు ఉంటే, హైదరాబాద్ వాటిలో ఉంది గానీ ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. అయినా పెద్దపేగు క్యాన్సర్ పట్నం జబ్బనీ, సంగటి తినే పల్లెకు ఆ భయం లేదనీ మన దగ్గర ధీమాగా చెబుతుంటారు. ఆ ధీమా ఎక్కడ పుట్టిందో, మన మండలాలకు ఏ మేరకు చెల్లుతుందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ చర్చ మన దేశంలో మొదలైంది రైల్వే ఆసుపత్రుల్లో. పశ్చిమ రైల్వేలో ముఖ్య వైద్యాధికారిగా పనిచేసిన ఎస్.ఎల్. మల్హోత్రా 1967లో ‘గట్’ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో జీర్ణకోశ క్యాన్సర్లు దేశంలో ఏ ప్రాంతంలో ఎలా ఉన్నాయో రాశారు. పదేళ్ల తర్వాత మరో వ్యాసంలో పంజాబీల్లో పెద్దపేగు క్యాన్సర్ కనిపించకపోవడానికి వాళ్ల తిండిలోని పీచు, పులిసిన పాల పదార్థాలే కారణమని వాదించారు. ఉత్తరాది అంటే నమిలి తినే రొట్టె, దక్షిణాది అంటే మెత్తటి అన్నం అన్న విభజన మీద ఆ వాదం నిలబడింది. చిత్తూరు మెట్ట ఆ రెండు గడుల్లో దేనిలోనూ పట్టదు. రాగి సంగటి, ఉలవలు, అలసందలు, అనపగింజలు, చద్దిలోకి మజ్జిగ, ఇదీ అప్పటి మెట్ట ఊళ్ల తిండి. పీచూ ఉంది, పులిసిన పాలూ ఉన్నాయి. మల్హోత్రా సూత్రమే నిజమైతే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు పల్లెలు పంజాబు పక్కన నిలవాలి. ఆ పరీక్ష మాత్రం ఎవరూ చేసి చూడలేదు.

ఆ కాలంలోనే ఉగాండాలో ఏళ్ల తరబడి శస్త్రవైద్యుడిగా పనిచేసిన డెనిస్ బర్కిట్ ఇదే ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టాడు. ఆఫ్రికా పల్లెల్లో అంత అరుదైన ఈ క్యాన్సర్ ఇంగ్లండులో అంత మామూలు కావడానికి తిండిలో పీచు తగ్గడమే మూలమని 1971లో రాశాడు. అంతకు మూడేళ్ల ముందే, 1968లో, హేన్జెల్, కురిహర అనే పరిశోధకులు అమెరికాకు వలసపోయిన జపనీయులను పరిశీలించారు. వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ స్వదేశపు స్థాయిని దాటి చాలా త్వరగా అమెరికన్ల స్థాయి వైపు ఎగబాకింది. రక్తం అదే, మారింది ఉన్న చోటు, తిండి, బతుకు. ఈ విషయంలో ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనిపించలేదు. పీచు సంగతి అంత సూటిగా తేలలేదు. 2000లో వెలువడిన అమెరికా ప్రయోగాల్లో పీచు పెంచినా పేగులోని పిలకలు (పాలిప్‌లు) మళ్లీ మొలవడం తగ్గలేదు. 2003లో యూరప్ దేశాల్లో లక్షల మందిని అనుసరించిన అధ్యయనంలో పీచు ఎక్కువ తినేవారికి ముప్పు తక్కువని తేలింది. ఇక 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ నిల్వ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటిస్తూ, రోజుకు 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది.

పల్లె, పట్నం తేడాకు మన దేశంలో అంకెలు రావడానికి రిజిస్ట్రీలు కావలసి వచ్చాయి. 1963లో బొంబాయిలో డాక్టర్ జస్సావాలా చొరవతో మొదటిది పుట్టింది. 1980ల మొదట్లో జాతీయ కార్యక్రమం కింద బెంగళూరు, మద్రాసు చేరాయి. పల్లెల వంతు 1987లో వచ్చింది. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా బార్శీ చుట్టుపక్కల ఊళ్లలో సిబ్బంది స్వయంగా తిరిగి, జనంతో మాట్లాడి, లక్షణాలున్నవారిని ఆసుపత్రికి పంపి మరీ లెక్క కట్టారు. పల్లె రోగి తనంతట తాను ఆసుపత్రి గడప తొక్కేదాకా ఆగితే లెక్క ఎప్పటికీ కుదరదని వాళ్లు గ్రహించారు.

1999లో మోహన్‌దాస్, దేశాయి అనే పరిశోధకులు ఈ రిజిస్ట్రీల అంకెలన్నీ ఒకచోట చేర్చారు. మగవారిలో పెద్దపేగు క్యాన్సర్ చోటును బట్టి లక్షకు 0.7 నుంచి 3.7 దాకా మారింది. అంటే దేశం లోపలే అయిదు రెట్ల తేడా. పేగు చివరి భాగమైన పురీషనాళంలో వచ్చే క్యాన్సర్ 1.6 నుంచి 5.5 దాకా ఉంది. ప్రపంచ సగటు పెద్దపేగు, పురీషనాళం రెండూ కలిపి లక్షకు 18 పైన. మన దేశ సగటు ఇప్పటికీ అయిదుకు అటూ ఇటూ. కాబట్టి మన దగ్గర తక్కువ అన్నమాట అబద్ధం కాదు. అన్ని క్యాన్సర్లనూ కలిపి చూసినా 2012–16 నివేదికలో మగవారికి వయసు సవరించిన రేటు హైదరాబాద్ జిల్లాలో లక్షకు 101.6 ఉంటే, పల్లెలే ఎక్కువగా ఉన్న ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 39.5. వయసు సవరించడం మన మండలాలకు మరీ ముఖ్యం. పడుచువాళ్లు బెంగళూరుకూ చెన్నైకీ పోయి, ఊళ్లో ముసలివాళ్లు మిగిలిన చోట ముడి అంకెలను పక్కపక్కన పెడితే తప్పుదారి పడతాం.

ఆ అంకెల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇంకో సంగతి. పల్లె రిజిస్ట్రీల్లో పేగు పైభాగపు క్యాన్సర్ చాలా తక్కువ, పురీషనాళపు క్యాన్సర్ మాత్రం పట్నాలతో పోలిస్తే అంత తక్కువ కాదు. తిండే పల్లెను కాపాడుతుంటే ఒక భాగాన్ని అంతగా కాపాడి, దాని కిందనే ఉన్న భాగాన్ని ఎందుకు వదిలేస్తుంది? నిజంగానే రెండింటి కారణాలు వేరు కావచ్చు. ఇంకో దారి కూడా ఉంది. పురీషనాళంలోని గడ్డ డాక్టరు వేలికి తగులుతుంది, రక్తం కంటికి కనిపిస్తుంది. పేగు కుడివైపున, పైన ఉన్న గడ్డ అలా బయటపడదు. అది నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం కారుస్తుంది, మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు. రక్తహీనత ఇంటింటా ఉన్న పల్లెలో అదొక ప్రశ్నగా ఎవరికీ తోచదు, ఐరన్ మాత్రలిచ్చి పంపేస్తారు. కొలనోస్కోపీ లాంటి పరీక్ష చేస్తే తప్ప ఆ గడ్డ దొరకదు, కొలనోస్కోపీ ఉండేది పట్నంలో. పల్లెలో తక్కువగా కనిపించే రోగంలో కొంత భాగం వేలికి అందనిదే అయి ఉంటుందని నా నమ్మకం.

ఇదంతా చిత్తూరు జిల్లాలో ఎలా నడిచిందంటే, ఇక్కడి రోగి మొదటి నుంచీ జిల్లా దాటి వెళ్లినవాడే. 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రి చిత్తూరుకు 40 కిలోమీటర్లు కూడా లేదు. 1953 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రమే గనుక ఎల్లదాటిన భావనే ఉండేది కాదు. 1954లో ముత్తులక్ష్మీరెడ్డి కృషితో చెన్నైలో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, 1973లో బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ సంస్థ వచ్చాయి. కుప్పం, పలమనేరు వాళ్లు బెంగళూరు వైపు, సత్యవేడు, నగరి వాళ్లు చెన్నై వైపు, చిత్తూరు, గుడిపాల వాళ్లు వేలూరు వైపు నడిచారు. వైద్యం దొరికింది, కానీ లెక్క దొరకలేదు. జనాభా రిజిస్ట్రీ తన హద్దుల్లో కాపురం ఉంటున్న వారినే లెక్కిస్తుంది. నగరి నుంచి అడయారుకు వెళ్లిన రైతు ఆ ఆసుపత్రి కాగితాల్లో ఉంటాడు, చెన్నై రేటులో ఉండడు. అతన్ని తన వాడిగా రాసుకునే రిజిస్ట్రీ సొంత జిల్లాలో లేదు. ఇలా రెండు వైపులా జారిపోయినవారు నలభై ఏళ్లలో ఎందరో.

ఈ లోటు ఢిల్లీకి తెలియక కాదు. 2001–02లో వందకు పైగా ఆసుపత్రులు, ల్యాబుల నుంచి రోగి జిల్లా పేరుతో వివరాలు తెప్పించి, 2004లో క్యాన్సర్ అట్లాస్ తయారు చేశారు. రిజిస్ట్రీ లేని జిల్లాలకూ కనీసం ఇంత రోగం ఉందని చెప్పే ప్రయత్నం అది. తమిళనాడు 2012 నుంచి రాష్ట్రమంతటికీ రిజిస్ట్రీ పెట్టుకుంది. దాంతో వేలూరు జిల్లా లెక్కలోకి వచ్చింది, దాన్ని ఆనుకుని ఉన్న మన ఊళ్లు బయటే ఉండిపోయాయి.

వైద్యం నెమ్మదిగా దగ్గరికి చేరింది. తిరుపతిలో 1960లో వెంకటేశ్వర వైద్య కళాశాల, ఆ వెనుకనే రుయా ఆసుపత్రి, 1993లో టీటీడీ ఆధ్వర్యంలో స్విమ్స్ వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో తెల్లకార్డు ఉన్న పల్లెవాడికి క్యాన్సర్ ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. టాటా ట్రస్ట్ 2018లో శంకుస్థాపన చేసిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తిరుపతిలో మొదలైంది. వీటివల్ల ఈ మధ్య కేసులు ఎక్కువ కనిపిస్తున్నాయి. రోగం పెరిగిందా, పట్టుకోవడం పెరిగిందా అని అడిగితే ఆసుపత్రి ఓపీ పుస్తకం ఒక్కటే జవాబు చెప్పలేదు. ఎంతమంది జనాభాలో ఎంతమందికి అన్నది తెలియాలి.

నా అంచనాలో రెండూ జరుగుతున్నాయి. ఎందుకంటే మనం పల్లె అంటున్నది 1967 నాటి పల్లె కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. అది పేదవాడి ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ సంగటి కుండ స్థానంలోకి తెల్లన్నం వచ్చింది. కొర్రలు, సజ్జలు, అరికలు చేలోంచీ కంచంలోంచీ తగ్గాయి. వేరుశనగ మెట్ట పొలాలను ఆక్రమించింది. పాలు ఇంట్లో చిలికే మజ్జిగలోకి కాక డెయిరీ క్యాన్లలోకి వెళ్లాయి. 2008 తర్వాత శ్రీసిటీ పారిశ్రామికవాడ చుట్టూ ఊళ్లలో పొలం పని వదిలి షిఫ్టు పనికి వెళ్లేవాళ్లు పెరిగారు. తాగుడూ పొగాకూ పల్లెలో ఏనాడూ తక్కువ కాదు, ఆ రెండూ ఈ క్యాన్సర్ ముప్పును పెంచేవే. వీటిలో ఏదీ ఒక్కటే కారణమని చెప్పలేం. పేగులో చిన్న పిలక క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లు, అంతకంటే ఎక్కువ పడుతుంది కనుక, ఈ మార్పుల ఫలితం ఇప్పుడిప్పుడే ఆసుపత్రికి చేరుతుండాలి.

ఇక ఆలస్యం సంగతి. మలంలో రక్తం పడితే పల్లెలో ముందు అనుకునేది మొలలు. మొలలకు ఆపరేషన్ లేకుండా నయం చేస్తామనే బోర్డు లేని టౌను లేదు. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు, పసరు మందు, మళ్లీ ఇంకో చోట ఇంజక్షన్లు, ఇలా నెలలు గడిచిపోతాయి. జిగట విరేచనాలని కొంతకాలం, కడుపులో గడ్డ తగిలితే క్షయ అని మరికొంతకాలం వైద్యం సాగుతుంది. పేగు క్షయ, పేగు క్యాన్సర్ ఒకదానికొకటి అచ్చం పోలి ఉండగలవు, ముక్క తీసి పరీక్షిస్తే గానీ తేలదు. పైగా మన దేశంలో ఇది కుర్రవయసులోనూ వస్తోంది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రచురించిన 800 మంది రోగుల పరిశీలనలో సగటు వయసు 47. పాశ్చాత్య దేశాల్లో అది అరవై దాటుతుంది. నలభై ఏళ్ల మనిషికి క్యాన్సర్ ఏమిటన్న ఆలోచనే రోగినీ డాక్టరునూ కూడా ఆపుతోంది.

పల్లెలో తక్కువ అన్న మాట శాశ్వతం కాదని అమెరికా అనుభవం చెబుతోంది. ఒకప్పుడు అక్కడా ఈ క్యాన్సర్ మరణాలు పట్టణ ప్రాంతాల్లోనే ఎక్కువ. కొలనోస్కోపీ పరీక్షలు నగరవాసులకు చేరాక అక్కడ మరణాలు పడిపోయాయి, మిసిసిపీ దిగువ డెల్టా, అపలాచియా కొండల పల్లెల్లో ఆ తగ్గుదల రాలేదు. తేడా తలకిందులైంది. పరీక్ష, వైద్యం తిరుపతిలో పెరిగి, రామసముద్రంలో, బైరెడ్డిపల్లెలో పెరగకపోతే మన దగ్గరా అదే దారి తెరిచి ఉంది. 2016లో కేంద్రం ప్రకటించిన జనాభా స్క్రీనింగ్ మార్గదర్శకాల్లో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు మాత్రమే. రేటు తక్కువ గనుక పెద్దపేగును వదిలేయడంలో తర్కం ఉంది. కానీ ఆ తక్కువ రేటు పుట్టిందే లెక్క సరిగా లేని చోట అయితే ఆ తర్కం బలహీనపడుతుంది.

పల్లెలో రోగాన్ని లెక్కపెట్టడం అసాధ్యమనే మాటకు ఈ సీమే జవాబు చెప్పింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో తెరిచిన క్షయ శానిటోరియం వైద్యులు, 1950లలో చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి క్షయ ఉందో, ఎవరికి కొత్తగా వచ్చిందో ఏళ్ల తరబడి నమోదు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ లెక్కలు అచ్చయ్యాయి. కంప్యూటరు లేదు, ఊళ్లకు సరైన రోడ్లు లేవు. ఇప్పుడు ఆరోగ్యశ్రీ దస్త్రంలో ప్రతి రోగి మండలం, ఊరు ఉన్నాయి. స్విమ్స్, రుయా, టాటా ఆసుపత్రి ఒకే ఊళ్లో ఉన్నాయి. వేలూరు, అడయారు, కిద్వాయ్ దగ్గర మన రోగుల చిరునామాలున్నాయి. లక్షకు అయిదు చొప్పున వేసుకున్నా పాత జిల్లాలో ఏడాదికి 200 మంది చుట్టుపక్కల తేలాలి. రెండు వందల పేర్లను ఈ ఆరు చోట్ల నుంచి తెచ్చి, రెండుసార్లు పడినవాటిని తీసేసి, మండలాల వారీగా పేర్చడం ఒక చిన్న బృందం చేయగల పని. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలై, పక్క జిల్లాలోని గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో కలిశాయి కనుక, పాత సంవత్సరాలతో పోల్చాలంటే జిల్లా పేరుతో కాక మండలం పేరుతోనే మొదలుపెట్టాలి. అప్పుడు తిరుపతి పట్టణానికీ తంబళ్లపల్లె మెట్టకూ ఉన్న తేడా ఎంతో, అందులో పురీషనాళం వాటా ఎంత, పైపేగు వాటా ఎంతో మొదటిసారి కాగితం మీదికి వస్తుంది.